మంచె మీద రెండో తరగతి

కొత్తగూడెం,
సెప్టెంబరు 2020

గౌరవనీయులైన సీతారావమ్మ గారికి,

నమస్కారం. నేను మీ మనవరాలు లిఖిత క్లాస్ టీచర్‌ని. నా పేరు షబ్నమ్. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని అనుకోకండి. మీ నంబరుకు ఎప్పుడు చేసినా అందుబాటులో లేదనే వస్తోంది. లిఖిత వాళ్ళ నాన్నగారికి చేస్తే, అమ్మానాన్నలిద్దరికీ దవాఖానాలో కరోనా డ్యూటీలని, అందుకే పాపను ములకలపల్లి వైపు నాయనమ్మ దగ్గర ఉంచామని చెప్పి మీ అడ్రసు ఇచ్చారు.

పాప తెలివైనది. కానీ ఆన్‌లైన్ క్లాసులో ఒక్కచోట ఉండదు. హాజరు తీసుకునేటప్పుడు ముఖం కనిపిస్తుంది. ఆ తరువాత ఒక చెవి, ఆ తరువాత ఆకాశం, ఆ తరువాత ఒక గేదె. గేదె మాత్రం క్లాసు అయిపోయేదాకా బుద్ధిగా ఉంటుంది. పిల్లల ముఖాలు క్లాసంతా కెమెరాలో కనిపించి తీరాలని మా స్కూలు వాళ్ళు గట్టిగా చెబుతున్నారు.

దయచేసి పాపకు జనసంచారం లేని ఒక చోటు చూడండి. పక్కన పెద్దవాళ్ళు ఒకరు తప్పకుండా కూర్చోవాలి. మధ్యలో లేచి వెళ్ళే వీలు లేకుండా చేయండి. ఇంతకన్నా ఏమీ అడగను.

ఇట్లు,
షబ్నమ్, రెండో తరగతి టీచర్

తా.క.: నిన్న లిఖిత పేరు పిలిస్తే తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దమనిషి "ప్రెజెంట్ టీచర్" అన్నారు. ఆయనకు హాజరు వేయలేదని చెప్పగలరు.

*

షబ్నమ్ టీచరమ్మకు సీతారావమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ మనుషులం క్షేమం. కోతుల వల్ల చేను క్షేమం కాదు. మీరు అక్కడ కులాసా అని తలుస్తాను.

ఆ తలగుడ్డ మనిషి మా ఆయన వెంకటనారాయణ. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చెరకు తోటల్లో తిరిగిన మనిషి. ఇన్నేళ్ళకు ఎవరో పేరు పిలిచి హాజరు తీసుకుంటుంటే ఆపుకోలేకపోయాడు. మందలించాను.

ఇక మా పిల్ల సంగతి. మీకు ఫోనులో ఒక్క పూటే కనపడుతోంది, నాకు రోజంతా కనపడుతోంది. అన్నం తినేటప్పుడు ఒక ముద్ద వాకిట్లో, ఒక ముద్ద పశువుల కొట్టంలో, ఇంకో ముద్ద ఎక్కడో నాకే తెలియదు. కూర్చో అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఇంట్లో సిగ్నల్ రాదు. ఇన్నాళ్ళూ చేను గట్టు మీద కూర్చోబెట్టాం, అక్కడ గేదెను కడతాం కాబట్టి మీకు అది కనిపించింది. సిగ్నల్ బాగా అందేది మంచె మీదే. మీది టౌను కాబట్టి చెబుతున్నాను, నాలుగు గుంజల మీద కర్రలు పరిచి, పైన కప్పు వేసి, చేను కాపలా కోసం ఎత్తుగా కట్టుకునేదే మంచె. అడవి అంచున మా మొక్కజొన్న చేలో ఉంది.

మీరు రాసినవన్నీ చేశాను. జనం లేని చోటు అన్నారు, మంచె కన్నా జనం లేని చోటు మా మండలంలో లేదు. పక్కన పెద్దవాళ్ళు అన్నారు, ఆయన్ని కూడా ఎక్కించాను. లేచి వెళ్ళే వీలు ఉండకూడదన్నారు, నిచ్చెన తీసేసి ఇంటికి తెచ్చుకున్నాను.

ఇట్లు,
సీతారావమ్మ

తా.క.: నిచ్చెన తీసిన సంగతి వంటలో పడి మరిచిపోయాను. అన్నం వేళ దాటాక ఆయన మంచె మీదినుంచి పెట్టిన కేక ఊరంతా విన్నది. "ఏందే, పిల్లల బడికైతే ఇంటర్వెల్ ఉంటది. నాకు లేదా?"

*

కొత్తగూడెం

సీతారావమ్మ గారికి షబ్నమ్ నమస్కరించి రాస్తున్నది.

మీ మేలు మరిచిపోలేను. ఈ వారం లిఖిత ముఖం క్లాసంతా కనిపించింది. మీ వారు కూడా కనిపించారు. ఎక్కువగా నిద్రపోతూ కనిపించారు.

అయితే కొత్త చిక్కు వచ్చింది. నేను "సెవెన్ టూస్ ఆర్" అని నోరు తెరవగానే లిఖిత ఒక రేకు డబ్బా తీసుకుని దడదడ బాదుతోంది, అడవి వైపు తిరిగి "హో" అని అరుస్తోంది. అది చూసి మిగతా పిల్లలకు ఊపొచ్చింది. ఒకడు పళ్ళెం తెచ్చుకున్నాడు. ఒకమ్మాయి రోలూ రోకలీ కెమెరా ముందుకు లాక్కొచ్చింది. ఒక తల్లి మధ్యలో వచ్చి, "కరోనా పోవాల్నని మల్ల పళ్ళేలు కొట్టమన్నరా టీచర్? మాకెవ్వరు చెప్పలే" అని అడిగింది.

మీకు ఒక సంగతి దాచకుండా చెబుతాను. మా కరస్పాండెంట్ జయప్రకాశ్ గారు అప్పుడప్పుడూ చెప్పకుండా క్లాసులోకి వచ్చి వింటారు. పిల్లలు నిలబడని క్లాసుల్ని పక్క సెక్షనులో కలిపేసి, ఆ టీచర్లను ఇంట్లో ఉండమంటున్నారు. తరువాతి పేరు నాదేనని స్టాఫంతా అనుకుంటున్నారు. మా అబ్బా స్కూలు బ్యాగులు కుడతాడు. బళ్ళు మూసేశాక బ్యాగు కుట్టించుకునేవాళ్ళు ఎవరున్నారు? ఇప్పుడు ఇల్లు గడిచేది నా ఉద్యోగం మీదే. నాకు చాలా భయంగా ఉంది. ఆ డబ్బా ఒక్కటి పాప చేతిలోంచి తీసేయండి.

ఇట్లు,
షబ్నమ్

తా.క.: అబ్బా నన్ను నవ్వించాలని, "ఆ డబ్బా ఉంటే పిల్లలందరు కదలకుండ చూస్తున్నరు గద బేటీ, నిన్ను తీసేసి దాన్నే టీచర్‌గ పెట్టుకుంటరేమో" అన్నాడు. నేను నవ్వలేదు.

*

షబ్నమ్‌కు సీతారావమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సయించలేదు. ఇక మీరు, గారు అనను. నా కూతురి ఈడుదానివి. మా పిల్ల డబ్బా మోత వల్ల నీ ఉద్యోగం పోతే నాకు పుట్టగతులుండవు.

డబ్బా మాత్రం ఆట కోసం ఇచ్చింది కాదు తల్లీ, కోతుల కోసం. ఆ కాపలా తనదేనని చెప్పాకనే ఆ పిల్ల మంచె మీద నిలిచింది. చేతిలో పని ఉంటే చాలు, నీ పాఠం కూడా వింటుంది. నువ్వు చెప్పావని డబ్బా లాక్కున్నాను. ఒక చేత్తో గుంజ పట్టుకుని దిగడానికి కాలు చాపింది. మా ఆయన అందుకోకపోతే ఈ ఉత్తరం దవాఖానా నుంచి రాసేదాన్ని.

అందుకని ఆయన పాల్వంచ దాకా పోయి ఒక మైకు కొనుక్కొచ్చాడు. ఈ కాలంలో మా వైపు మైకు లేని చేను ఉండదు, నీకు తెలియంది కాదు. దాన్ని ఫోనుకు తగిలించాం. ఇప్పుడు డబ్బా లేదు, మోత లేదు. మైకులో నువ్వు ఒక మాట అంటావు, వెనకే లిఖిత మంచె మీద నిలబడి అదే మాట అంటుంది. మైకు ఎటు తిప్పాలో చూసుకునే పని తనది. దిగమన్నా దిగడం లేదు.

నీ గొంతు నాలుగు చేల అవతలికి వినిపిస్తోంది. పక్క చేను దేవ్లా, అతని భార్య చాంది, వాగు అవతల పిచ్చయ్య, అందరూ పొద్దున్నే గట్టు మీదికి వచ్చి నీ క్లాసు ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నారు. నిన్న చాంది నన్ను ఆపింది. "అక్కా, ఆ టీచరమ్మ పొద్దుగూకేటప్పుడు గూడ చెప్పదా? మాకు అసలు అక్కర అప్పుడే గద" అంది. అడిగి చూస్తానన్నాను.

నీ మేలు కోరే
సీతారావమ్మ

తా.క.: ఏడో ఎక్కం దగ్గర నీకు కోపం వచ్చి గొంతు పైకి లేస్తుంది చూడు, అది అన్నిటికన్నా బాగా పనిచేస్తోంది. పిచ్చయ్య ఆదివారం సెలవెందుకని అడుగుతున్నాడు.

*

కొత్తగూడెం

అమ్మలాంటి సీతారావమ్మ గారికి,

మీ ఉత్తరం అబ్బాకు చదివి వినిపిస్తూ మధ్యలో ఏడ్చేశాను. పగలంతా చేలో కష్టపడే మనుషులు నా పాఠం కోసం గట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నారంటే ఏం చెప్పను? టౌనులో కన్నతల్లులే పిల్లల ఫోను ఆపేసి సీరియల్ చూస్తున్నారు.

ఆగలేక కరస్పాండెంట్ గారికి చెప్పేశాను. చేరిన నాటినుంచి ఆయన గదిలో నాకు కుర్చీ చూపించింది ఇదే మొదటిసారి. "మన స్కూలు అడవి దాకా పోయిందన్నమాట" అని చాలాసేపు సంబరపడ్డారు. నా క్లాసును కలిపే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు.

సోమవారం నుంచి పొద్దుగూకే వేళ పెద్దవాళ్ళకని ఒక క్లాసు పెడుతున్నాను. ఆదివారం కూడా చెబుతాను. ఏడో ఎక్కం అంత ఇష్టపడుతున్నారు కాబట్టి రోజూ దానితోనే మొదలుపెడతాను. బస్సులో ఒక కట్ట పలకలు పంపిస్తున్నాను, అందరికీ పంచండి. రోజూ ఎంతమంది వస్తున్నారో తప్పకుండా రాయండి. కరస్పాండెంట్ గారు అడుగుతున్నారు.

మీ
షబ్నమ్

తా.క.: పెద్దవాళ్ళు తప్పు చెబితే లిఖితను నవ్వొద్దనండి. కొత్తల్లో సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోతారు. మనమే ఓపిగ్గా మళ్ళీ పిలవాలి.

*

చల్లని తల్లి షబ్నమ్‌కు,

నూరేళ్ళు బతుకు. సాయంత్రం క్లాసు గురించి ఏం చెప్పమంటావు? ఈ వారం మా నాలుగు చేలల్లో ఒక్క కంకి పోలేదు.

పలకలు అందాయి. ఎందుకు పంపావో నాకు ముందు తట్టలేదు. దేవ్లా చూడగానే పట్టేశాడు. "టీచరమ్మ మస్తు ఆలోచన చేసింది అక్కా, తాడు గట్టి తీగెకు యాలాడదీస్తే గాలికి ఒకదానికొకటి తాకి మోగుతయి" అన్నాడు. కంచె పొడుగునా వేలాడదీశాం. నువ్వు టౌనులో పుట్టావు గానీ సేద్యం చేయాల్సిన పిల్లవి.

రోజూ ఎంతమంది వస్తున్నారని అడిగావు. ఇప్పుడు ఒక్కటీ గట్టు దాటి రావడం లేదు. ఇంతకుముందు మందలుగా వచ్చేవి, పిల్లాజెల్లాతో సహా. నువ్వు "సెవెన్ వన్స్ ఆర్" అనగానే తలలెత్తి చూస్తాయి, లిఖిత అందుకునేసరికి తోకలెత్తుకుని అడవిలోకి పరుగు. సిగ్గుపడి వెనక్కి పోతాయని నువ్వు ముందే రాశావు. అలాగే జరిగింది. మళ్ళీ పిలవాలని మాత్రం ఎందుకు రాశావో అర్థం కాలేదు. దయచేసి పిలవొద్దు.

సాయంత్రం క్లాసుకు కూడా లిఖితే మంచె ఎక్కుతోంది. తన పని ఇంకొకరికి ఇవ్వదు.

నీ
సీతారావమ్మ

తా.క.: ఏడో ఎక్కం పందులకే. కోతులకు అంత పెద్ద చదువు అక్కర్లేదు. "కెమెరా ఆన్ చెయ్యి" అంటే చాలు, పోతున్నాయి.

*

కొత్తగూడెం

సీతారావమ్మ గారికి,

పందులా?

రోజూ సాయంత్రం ముఖం కడుక్కుని, దుపట్టా సర్దుకుని, "అన్నా, అక్కా, భయపడకండి, వయసు మీరాక కూడా చదువు వస్తుంది, నేనున్నాను" అని నేను చెప్పిందంతా అడవిపందులకా? నిన్న "మీరు ఎంత దూరం నుంచి వచ్చారో నాకు తెలుసు" అని కూడా అన్నాను. చెప్పేటప్పుడు నాకు కన్నీళ్ళు వచ్చాయి. ఇప్పుడు వేరే కన్నీళ్ళు వస్తున్నాయి.

మీ మీద కోపం రావడం లేదు. మీరు దాచలేదు. మైకు ఎందుకో నాకు తెలుసని మీరు అనుకున్నారు, నాకు తెలుసని నేనూ అనుకున్నాను. కానీ కరస్పాండెంట్ గారు వచ్చే మంగళవారం మీ చేనుకు బయల్దేరుతున్నారు. చదువుకుంటున్న పెద్దవాళ్ళతో ఫోటో తీయించుకోవడానికి ఫోటోగ్రాఫర్‌ని కూడా తెస్తున్నారు. నిజం తెలిస్తే ఆ రోజే నన్ను తీసేస్తారు. రావద్దని చెప్పాలన్నా కారణం చెప్పాలి. ఏం చేయాలో నాకు తోచడం లేదు.

షబ్నమ్

తా.క.: నా గొంతు నిజంగా అంత ఘోరంగా ఉంటుందా? అబ్బాను అడిగితే, "పందులన్న నీ మాట ఇంటున్నయి బేటీ, నీ తమ్ముడు ఇంటడా?" అన్నాడు. అది ఓదార్పో కాదో తెలియలేదు.

*

తల్లీ షబ్నమ్,

నీ ఉత్తరం సోమవారం అందింది. జవాబు రాసే వ్యవధి లేక, చేయాల్సింది చేశాను. ఏమైందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా పడతాను.

కంచె మీది పలకలన్నీ విప్పించాను. దేవ్లానూ చాందినీ పిచ్చయ్యనూ మంచె కింద వరసగా కూర్చోబెట్టి, తలా ఒక పలక ఒళ్ళో పెట్టాను. ఏమడిగినా అవ్ సారూ అనండి చాలు అని నేర్పాను. మా ఆయన్ని దూరంగా ఉంచాను, ప్రెజెంట్ టీచర్ అంటాడని.

మీ జయప్రకాశ్ గారు మూతికి మాస్కు, కాళ్ళకు తెల్ల బూట్లు వేసుకుని గట్టు మీద తడబడుతూ వచ్చారు. వచ్చీ రాగానే పిచ్చయ్య ముందు వంగి, "ఏం నేర్చుకున్నవు పెద్దాయనా?" అని ప్రేమగా అడిగారు. పిచ్చయ్య పలక వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నేర్సుకున్నదేం లేదు సారూ. మాకు అబద్దం చెప్పుడు రాదు. మైకు పందుల కోసం పెట్టుకున్నం. సీతారావమ్మ ఈ పలక ఇచ్చి కూసోమంటే కూసున్నం" అన్నాడు.

నా ప్రాణం పోయింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఫోటోగ్రాఫర్ నవ్వు ఆపుకోలేక గేదె ఫోటో తీసుకుంటున్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది షబ్నమ్. నా కోపం నీకు తెలియదు. "అవునండీ, పందులే. అబద్ధం ఆడమన్నది నేను, ఆ పిల్ల కాదు. ఆ పిల్లకు మొన్నటిదాకా పందుల సంగతే తెలియదు. అన్నం తినడానికి కూడా ఒక్కచోట కూర్చోని నా మనవరాలు పూటపూటంతా పాఠం చెప్పించుకుంటోంది. కావాలంటే మీరే అడగండి" అన్నాను. ఆయన మంచె మీదికి చూసి ఏడో ఎక్కం అడిగారు. లిఖిత పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చెప్పింది. చెబుతూ గుంజ చుట్టూ తిరిగింది, అది వేరే సంగతి.

 ఆయన దేవ్లాను పక్కకు పిలిచి ఏదో అడిగారు. గట్టు మీదే పొద్దుగూకేదాకా కూర్చుని, నీ సాయంత్రం క్లాసు విని, పందులు పోవడం కళ్ళారా చూసి, బూట్ల మట్టి కూడా దులపకుండా కారెక్కి వెళ్ళిపోయారు. ఆ పోవడం చూస్తే నాకు మంచి అనిపించలేదు. నిన్ను తీసేస్తే మాత్రం నేను వచ్చి మీ బడి గేటు ముందు కూర్చుంటాను. ఇది ఊరికే రాసే మాట కాదు.

నీ తల్లిలాంటి
సీతారావమ్మ

తా.క.: పిచ్చయ్య రాత్రి నుంచి బాధపడుతున్నాడు. నీకు రెండు సొరకాయలు పంపుతానంటున్నాడు. తీసుకో, కాదనకు.

*

కొత్తగూడెం,
అక్టోబరు 2020

అమ్మా సీతారావమ్మ గారూ,

సొరకాయలు అందాయి. స్కూలు గేటు ముందు మీరు కూర్చోవలసిన పని లేదు. ఎందుకో మొదటినుంచి చెబుతాను.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే కరస్పాండెంట్ గారు పిలిపించారు. అబ్బా బయట స్కూటరు మీదే కూర్చున్నాడు, నేను ఏడుస్తూ వస్తే ఎక్కించుకుపోదామని. సారు తలుపు వేశారు. అటూ ఇటూ చూశారు. గొంతు తగ్గించి, "అమ్మా, సత్తుపల్లి దగ్గర నాకూ మొక్కజొన్న ఉంది. సగం పందులే తింటున్నయి. ఏడో ఎక్కం ఒక్కసారి చెప్పు, కొంచెం కోపంగా" అని ఫోను నా ముందు పెట్టి రికార్డింగ్ నొక్కారు. నేను చెప్పాను. నా జీవితంలో అంత కోపంగా ఎప్పుడూ చెప్పలేదు.

వారం తిరక్కుండా మళ్ళీ పిలిచారు. ఈసారి ఆయనకు నిజంగానే కోపంగా ఉంది. "ఏందమ్మా, నీ గొంతుకు ఒక్క పంది కదుల్తలేదు. మైకు కిందనే పండుకుని కంకులు నములుతున్నయి" అన్నారు. నా ఉద్యోగం అప్పుడు నిజంగా పోయిందనుకున్నాను. పోతే పోనీ, నా గొంతు ఘోరమైనది కాదని మాత్రం తేలింది కదా అని కూడా అనుకున్నాను. ఇద్దరం కూర్చుని స్కూలు దాచిపెట్టిన పాత క్లాసు రికార్డింగులు ఏరి పంపితే, ఆయన చేను కాపలావాళ్ళు మైకులో వినిపించారు. నా మాటకు పందులు చెవి కూడా ఆడించలేదట. నా వెనకాల లిఖిత "ఆర్ ఫార్టీనైన్" అని అరిచిన చోట మాత్రం ఒక్కటి మిగలకుండా పారిపోయాయట. ఇన్నాళ్ళూ మీ చేను కాపాడింది నేను కాదమ్మా, మీ మనవరాలే.

సారు వెంటనే లిఖితను పక్క సెక్షను టీచర్ క్లాసులో ఒక రోజు కూర్చోబెట్టి చూశారు. అక్కడ నోరే తెరవలేదు, ఆకాశం చూపించింది. నా క్లాసులోనే అరుస్తుంది, సారు చేనుకేమో ఆ అరుపు రోజూ కావాలి. ఆ సంగతి రూఢి కాగానే నా సెక్షనును ఎవరితోనూ కలపకూడదని సారు కాగితం మీద సంతకం చేసి ఇచ్చారు. అబ్బా ఆ కాగితం చదివి, స్కూటరు స్టాండు వేయడం మరిచిపోయి పడేశాడు.

ఇప్పుడు నా క్లాసులో పిల్లలందరికీ ఒక్కో కాపలా ఇచ్చాను. ఒకడు పొయ్యి మీద పాలు చూస్తాడు. ఒకమ్మాయి ఎండబెట్టిన మిరపకాయల మీద కాకుల్ని తోలుతుంది. ఎవరూ కదలడం లేదు, అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి. ఒక్కో రోజు పాలు పొంగుతాయి. అప్పుడు క్లాసంతా లేచి అరుస్తాం, నేను కూడా.

మీ బిడ్డ
షబ్నమ్

తా.క.: లిఖితకు జలుబు చేయకుండా చూసుకోండి. ఐస్‌ఫ్రూటు అసలు వద్దు, మిరియాల పాలు రెండు పూటలా పట్టండి. ఇది నా మాట కాదు, స్కూలు వాళ్ళు మీకు తెలియజేయమన్న ఆర్డరు.